చెప్పుకుంటేనే చికిత్స

2025 అక్టోబరులో, పోటీ మందును ఆపాలంటూ రోష్ కంపెనీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ వెంటనే హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా రిస్‌డిప్లామ్ అనే మందును సీసా 15,900 రూపాయల ధరకు మార్కెట్లోకి తెచ్చింది. అంతవరకూ భారతదేశంలో రోష్ అమ్మే అదే మందు సీసా ఆరు లక్షల పైమాటే. స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ (వాడుకలో ఎస్ఎంఏ) అనే జన్యు జబ్బున్న పిల్లల ఇళ్లకు ఆ తీర్పు ఎంత ఊరటో ఆ తల్లిదండ్రులకే తెలుసు.

ఈ వార్తను అమెరికాలో, న్యూజెర్సీలోని ఐసెలిన్ తెలుగువారు మరికాస్త శ్రద్ధగా చదవాలి. వారాంతం వస్తే ఓక్ ట్రీ రోడ్డు మీద కారు నిలపడానికి చోటు దొరకదు. గోంగూర కట్టలు, మునక్కాయలు, నగల కొట్లు, మిఠాయి దుకాణాలు, పెళ్లి పట్టుచీరలు అన్నీ ఆ ఒక్క దారిలోనే. ఆ దారిన పడమరగా వెళ్లి ఎడిసన్ దాటితే సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ వస్తుంది. పీటీసీ థెరప్యూటిక్స్ అనే సంస్థ ఏళ్ల తరబడి అక్కడే పనిచేసింది. రిస్‌డిప్లామ్‌కు దారితీసిన పరిశోధన మొదలైంది ఆ సంస్థలోనే. మనం కూరగాయలు కొనుక్కునే చోటికి పది మైళ్లలోపు మొదలైన ఒక ప్రయత్నం సముద్రాలు దాటి, తెలుగు నేల మీది కంపెనీ చేతుల్లో సామాన్యుడికి కాస్త దగ్గరైంది. సంతోషించాల్సిన విషయమే. అయితే ఈ కథలో మన ఇళ్లకు ఒక బాధ్యత కూడా ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

వెన్నుపాములోని చాలక నాడీకణాలు బతకడానికి ఒక ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎస్ఎంఎన్1. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి బిడ్డకు వస్తాయి. ఒకటి బాగున్నా చాలు, మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. రెండూ లోపిస్తే కండరాలకు ఆజ్ఞలు అందక అవి క్రమంగా కరిగిపోతాయి. తీవ్రమైన రకం ఉన్న పసివాడి కళ్లలో చురుకు తగ్గదు. తల్లిని గుర్తుపడతాడు, నవ్వుతాడు. మెడ మాత్రం నిలపలేడు. ఏడుపు నీరసంగా వినిపిస్తుంది. పాలు తాగడానికీ, ఊపిరి తీయడానికీ ఆయాసపడతాడు. చికిత్స లేని రోజుల్లో ఇలాంటి పిల్లల్లో ఎక్కువ మంది రెండో పుట్టినరోజు చూడలేదు, చూసినా శ్వాసయంత్రం మీదే. సుమారు పదివేల కాన్పులకు ఒకరికి వచ్చే జబ్బిది.

1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం ఈ జన్యువును గుర్తించింది. దాని పక్కనే ఎస్ఎంఎన్2 అనే జంట జన్యువు ఉందనీ తెలిసింది. అదీ అదే ప్రొటీన్ తయారుచేయగలదు. కానీ సమాచారానికి నకలు తీసేటప్పుడు ఏడో భాగాన్ని తరచూ వదిలేస్తుంది. దాంతో తయారైన ప్రొటీన్‌లో చాలావరకు నిలవదు. ఆ ఏడో భాగం జారిపోకుండా చూడటమే రిస్‌డిప్లామ్ పని. రోజూ నోట్లో పోసే ద్రవం అది.

ఇంత అరుదైన జబ్బు మీద ఇంత పెద్ద పరిశోధనకు ఎవరు పూనుకున్నారు? కూతురికి ఎస్ఎంఏ అని తెలిసిన దంపతులు. లోరెన్ ఎంగ్, దినకర్ సింగ్ 2003లో ఎస్ఎంఏ ఫౌండేషన్ స్థాపించారు. తమ బిడ్డ జబ్బును నలుగురిలో చెప్పుకున్నారు, నిధులు కూడగట్టారు, శాస్త్రవేత్తల తలుపులు తట్టారు. 2006లో ఆ ఫౌండేషన్, పీటీసీ చేతులు కలిపాయి. 2011లో రోష్ జత కలిసింది. 2020 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. పద్నాలుగేళ్ల పని. అంతకు ముందు 1983 నాటి అనాథ ఔషధాల చట్టం లేకపోతే ఇలాంటి మందుల వైపు కంపెనీలు కన్నెత్తి చూసేవే కావు. అమెరికాలో రెండు లక్షల మందికన్నా తక్కువ మందికి వచ్చే జబ్బుకు మందు తయారుచేస్తే ఆ చట్టం పన్ను రాయితీలు, ఏడేళ్ల ప్రత్యేక విక్రయ హక్కు ఇస్తుంది. ఆ చట్టం వెనక కూడా తమ పిల్లల జబ్బుల గురించి నోరు విప్పిన తల్లిదండ్రుల ఒత్తిడి ఉంది.

రిస్‌డిప్లామ్‌ను పసికందుల మీద పరీక్షించిన తీరు తెలుసుకోదగ్గది. మామూలుగా కొత్త మందును సగం మందికి ఇచ్చి, మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చి తేడా చూస్తారు. వేలమంది రోగులుండే రక్తపోటు, మధుమేహాలకు అది సరే. రోజురోజుకూ ఊపిరి తగ్గిపోతున్న మూడు నెలల బిడ్డకు ఉత్తుత్తి మందు ఎవరిస్తారు? ఏ తల్లి ఒప్పుకుంటుంది? అందుకే ఫైర్‌ఫిష్ అని పేరుపెట్టిన ఆ అధ్యయనంలో ఉత్తుత్తి మందు వాడలేదు. ప్రధాన దశలో చేరిన 41 మంది పసివాళ్లకూ అసలు మందే ఇచ్చారు. మరి పోల్చడం దేనితో? అంతకుముందు చికిత్స లేక వెళ్లిపోయిన పిల్లల రికార్డులతో. ఏ నెలలో ఏం చేయగలిగారు, ఏ నెలలో ఏది ఆగిపోయింది, ఎప్పుడు శ్వాసయంత్రం అవసరమైంది అన్న వివరాలను ఆ పిల్లల తల్లిదండ్రులూ డాక్టర్లూ ఓపిగ్గా నమోదు చేసి ఉంచారు. జబ్బు సహజ గమనం అంటారు దీన్ని. ఆ రికార్డుల ప్రకారం తీవ్రమైన రకం ఉన్న బిడ్డ ఆసరా లేకుండా కూర్చోవడం అన్నదే లేదు. ఫైర్‌ఫిష్‌లో ఏడాది తిరిగేసరికి 41 మందిలో 12 మంది ఆసరా లేకుండా కనీసం ఐదు సెకన్లు కూర్చున్నారు.

ఐదు సెకన్లు! గడియారం చూస్తే ఎంతో తక్కువ. మందు పనిచేస్తోందనడానికి మాత్రం అది తిరుగులేని రుజువైంది. రుజువు కావడానికి కారణం, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలోనూ వివరాలు దాచకుండా చెప్పిన కుటుంబాలు. వాళ్లకు ఈ మందు అందలేదు. వాళ్లు చెప్పిన మాట మాత్రం తర్వాతి పిల్లలకు ఉత్తుత్తి మందు బాధ తప్పించింది. అరుదైన వ్యాధుల పరిశోధనలో డబ్బు, యంత్రాలు, మేధస్సు ఎంత ముఖ్యమో, జబ్బు చూసిన ఇల్లు నోరు విప్పడం అంతే ముఖ్యం. రోగులు గుప్పెడు మందే ఉన్నచోట ఒక్క ఇల్లు మౌనం వహించినా పరిశోధనకు పెద్ద లోటే.

నిజానికి పిల్లల ఎదుగుదలను కళ్లలో వత్తులేసుకుని చూడటం తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం. అడుగులేస్తే అరిసెలు వండుతాం. అమెరికా వచ్చినా ఆ ముచ్చట పోలేదు. వండే తీరిక లేకపోతే కొని తెచ్చి అయినా పాప అడుగుల కింద అరిసెలు పరుస్తున్నారు. మనవడు ఏ నెలలో మెడ నిలిపాడో, ఎప్పుడు పాకాడో, మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో మన అమ్మమ్మలు, నానమ్మలు తడుముకోకుండా చెబుతారు. పరిశోధకులు ప్రశ్నావళులు పట్టుకుని సేకరించే సమాచారం సరిగ్గా అదే. మన ఇళ్లలో అది కంఠస్థంగా ఉంది.

బాధ ఎక్కడంటే, మిఠాయి పంచిన సంగతులు మాత్రమే పైకి వస్తాయి. పంచాల్సిన వేళ దాటిపోయిన సంగతులు ఇంటి గడప దాటవు.

ఇలాంటి సంభాషణలు ఐసెలిన్ అపార్టుమెంట్లలో రోజూ ఏదో ఒక మూల జరుగుతూనే ఉంటాయి. తొలి చూలాలైన అమ్మాయి డాక్టరు ఇచ్చిన కాగితం ముందేసుకుని కూర్చుంటుంది. కుటుంబంలో ఎవరికైనా పుట్టుకతో జబ్బులున్నాయా, పసితనంలో పోయినవాళ్లున్నారా అని వరుసగా ప్రశ్నలు. గుంటూరులోని తల్లికి ఫోన్ చేస్తుంది. "అలాంటివేం లేవమ్మా మన ఇంట్లో" అంటుంది తల్లి తడుముకోకుండా. "మరి పెద్దమ్మ వాళ్ల రెండో బాబు సంగతేంటమ్మా?" "వాడికి జ్వరమొచ్చి కాళ్లు పడిపోయాయిలే." "ఎన్నో నెలలో?" కాసేపు అవతలి నుంచి మాట రాదు. "అసలు మెడే నిలపలేదే వాడు. ఇప్పుడా సంగతులెందుకు, శుభమా అని కడుపుతో ఉంటే..."

ఆ తల్లిది తప్పని ఎవరూ అనలేరు. మన ఊళ్లలో ఇలాంటి బిడ్డ పుడితే ముందు వేలెత్తి చూపించేది కన్నతల్లినే. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు సంబంధాలు రావేమోనన్న దిగులు. శాపమనీ, గ్రహచారమనీ, మొక్కు తీర్చలేదనీ తలా ఒక మాట. ఈ మాటలన్నీ పడలేక, జ్వరం మీదకు తోసి ఊరుకున్నారు. అయితే మెడ నిలపలేదన్న ఆ ఒక్క మాట డాక్టరు చెవిన పడితే, ఒక చిన్న రక్తపరీక్షతో ఆ అమ్మాయి ఎస్ఎంఏ వాహకురాలో కాదో చాలావరకు తేలిపోతుంది. ఆమె వాహకురాలైతే భర్తకూ పరీక్ష చేస్తారు. ఇద్దరూ వాహకులే అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకు ఉంటుంది. ముందే తెలిస్తే దారులున్నాయి. తెలియకపోతే ఏ దారీ లేదు.

మేనరికాలు చేసుకోలేదు కాబట్టి మాకేం భయం లేదనుకునేవారు చాలామంది. మేనరికం వల్ల ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ దూరపు సంబంధాలు చేసుకున్నా తరతరాలుగా ఒకే కులంలో, ఒకే శాఖలో పెళ్లిళ్లు జరిగితే, ఎప్పటి పూర్వీకుడి నుంచో వచ్చిన లోపం రెండువైపులా ఉండే అవకాశం ఎక్కువే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందాలు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఈ విషయాన్నే లెక్కలతో చూపించాయి. వాళ్లు పరిశీలించిన 263 దక్షిణాసియా సమాజాల్లో 81 సమాజాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని, ఆ విషయంలో ఫిన్లాండ్ ప్రజలనూ, అష్కెనాజీ యూదులనూ మించిపోయాయని తేలింది. పది లక్షలకు మించిన జనాభా ఉన్న సమాజాలు కూడా అందులో ఉన్నాయి.

అదే పత్రం తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పింది. ఆంధ్ర వైశ్య సమాజంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావారికన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. మామూలు రోజుల్లో ఈ లోపం ఉన్నట్టే తెలియదు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ప్రభావం అందరిలో కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఈ లోపం ఉన్నవారిలో గంటల తరబడి ఉండిపోతుంది, అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు. సంగతి ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు, ప్రమాదమే ఉండదు. ఇది ఏ సమాజానికీ మచ్చ కాదు. ప్రతి సమాజంలోనూ ఇలాంటివి ఏవో ఉంటాయి. పరిశోధన జరిగినచోట బయటపడ్డాయి, జరగనిచోట పడలేదు, అంతే తేడా. ఐసెలిన్‌లో మత్తు ఇచ్చే డాక్టరుకు మన కులాల పేర్లు తెలిసే వీలు లేదు. "మా మామయ్యకు ఆపరేషన్ తర్వాత తెలివి వచ్చినా ఊపిరి ఆడక చాలాసేపు యంత్రం మీద ఉంచారు" అని మనమే చెప్పాలి.

ఇంతకన్నా కష్టమైన మౌనాన్ని జయించిన సమాజం ఐసెలిన్‌కు దగ్గర్లోనే ఉంది. బ్రూక్లిన్ యూదు కుటుంబాల్లో టే-శాక్స్ అనే జబ్బు పసిపిల్లలను పొట్టన పెట్టుకునేది. పిల్లలను ఆ జబ్బుకు పోగొట్టుకున్న మతగురువు జోసెఫ్ ఎక్‌స్టీన్ 1980ల్లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టారు. వాళ్లవీ పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే. సంబంధాలు చెడతాయన్న భయం వాళ్లకూ ఉంది. అందుకే ఆ సంస్థ యువతీయువకులకు పరీక్ష చేసి ఫలితం చెప్పదు, ఒక నంబరు మాత్రం ఇస్తుంది. సంబంధం అనుకున్నప్పుడు ఇరువైపులవారు నంబర్లు చెబితే, ఇద్దరూ ఒకే లోపానికి వాహకులా కాదా అన్నది చెబుతుంది. ఎవరి పరువూ పోదు, ఏ పిల్ల మీదా ముద్ర పడదు. 1970ల నుంచి సాగిన ఇలాంటి పరీక్షల ఫలితంగా అమెరికా యూదుల్లో టే-శాక్స్‌తో పుట్టే పిల్లల సంఖ్య తొంభై శాతానికి పైగా తగ్గింది. జాతకాలు కలిపే ఓపిక ఉన్న మనకు ఈ పని అసాధ్యం కాదు.

ఐసెలిన్‌లో పుట్టే తెలుగు బిడ్డ ఒక విషయంలో అదృష్టవంతురాలు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో నర్సు వచ్చి పాప మడమను వెచ్చజేసి, సన్నటి సూదితో గుచ్చి, దళసరి కాగితం మీది వలయాల్లో ఒక్కో రక్తపు బొట్టు ఇంకిస్తుంది. ఆరిన ఆ కాగితం న్యూజెర్సీ రాష్ట్ర ప్రయోగశాలకు వెళుతుంది. పదుల కొద్దీ జబ్బులకు అక్కడ పరీక్ష జరుగుతుంది. 2018లో అమెరికా కేంద్ర ప్రభుత్వ సిఫారసు జాబితాలో చేరాక ఎస్ఎంఏ పరీక్ష కూడా క్రమంగా అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. లక్షణాలు కనిపించకముందే చికిత్స మొదలైన పిల్లల్లో ఎక్కువ మంది కూర్చుంటున్నారు, నడుస్తున్నారు కూడా. ఆ కాగితం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి పసిబిడ్డ మడమనూ ఇంకా చేరలేదు. 2021లో భారత కేంద్ర ప్రభుత్వం అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచింది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి ఆ విధానం కింద ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. కానీ ఈ జబ్బుల్లో మందు జీవితాంతం కావాలి. ఇరవై కిలోలు దాటిన బిడ్డకు రిస్‌డిప్లామ్ రోజుకు ఐదు మిల్లీగ్రాములు, సీసాలో అరవై మిల్లీగ్రాములు. అంటే ఏడాదికి ముప్పైకి పైగా సీసాలు. తగ్గిన ధరకు లెక్కగట్టినా నాలుగున్నర లక్షలు దాటుతుంది. దినకూలీ ఇంటికి అది ఇప్పటికీ అందని పండే. ప్రభుత్వం భుజం కాయాల్సింది ఇక్కడే.

మన ఐసెలిన్, ఎడిసన్ చుట్టుపక్కల మరో విశేషం ఉంది. ఈ ప్రాంతపు మందుల కంపెనీల్లో క్లినికల్ ప్రోగ్రామర్లుగా, గణాంక నిపుణులుగా, డేటా మేనేజర్లుగా ఎందరో తెలుగువారు పనిచేస్తున్నారు. మెట్రోపార్క్ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కే వారిలోనూ వాళ్లుంటారు. మందుల పరీక్షల సమాచారాన్ని లెక్కగట్టే వాళ్ల తెరమీద రోగి పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. వయసు, బరువు, కూర్చున్న సెకన్లు, ఊపిరి కొలతలు వరుసల్లో ఉంటాయి. అరుదైన వ్యాధి అధ్యయనమైతే ఆ వరుసలు నలభై, యాభై కూడా ఉండకపోవచ్చు. ఒక్కో వరుస ఒక్కో ఇంటి ప్రాణం. ఆ వరుసల్లో మనవాళ్లు ఎంత తక్కువో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మన జన్యువుల సమాచారం ప్రపంచ భాండాగారాల్లో తక్కువగా ఉండబట్టే, మన బిడ్డకు జన్యు పరీక్ష చేయిస్తే "ఈ మార్పు అర్థం ఇదమిత్థంగా చెప్పలేం" అన్న జవాబు తరచూ వస్తుంది. 2025 జనవరిలో విడుదలైన జీనోమ్ ఇండియా పథకం వారి పదివేలమంది జన్యు సమాచారం ఆ లోటును కొంత పూడ్చడం మొదలుపెట్టింది. మిగతాది పూడ్చాల్సింది మనం.

సొంతింటి జబ్బును పరిశోధనకు తెచ్చిన తెలుగువాడు మనకు కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి కొద్దిరోజుల తేడాలో తీసుకుపోయింది. ఆయన కూడా ఆ జబ్బున పడి లేచారు. న్యూజెర్సీ సరిహద్దును ఆనుకుని ఉన్న పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అది మందైంది. ఆ పరిశోధన కొనసాగింపుగా వచ్చిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో లుకేమియా వచ్చిన 16 మంది పిల్లల్లో పదిమందికి తాత్కాలికంగానైనా ఉపశమనం చూపించారు. అప్పటిదాకా చేతులెత్తేసిన జబ్బది. ఇంట్లో తగిలిన దెబ్బను సుబ్బారావు దాచిపెట్టుకోలేదు, ప్రశ్నగా మార్చి ప్రయోగశాలకు తీసుకెళ్లారు.

మనందరం సుబ్బారావులం కానక్కరలేదు. చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. డాక్టరు ఇచ్చే కుటుంబ చరిత్ర కాగితాన్ని మొక్కుబడిగా "లేదు, లేదు" అని నింపేయకుండా, అమ్మ వైపు, నాన్న వైపు మూడు తరాలు అడిగి రాయాలి. చెబితే బీమా పోతుందేమో, ఉద్యోగం పోతుందేమో అన్న భయానికి అమెరికాలో 2008 నాటి జన్యు వివక్ష నిరోధక చట్టం చాలావరకు జవాబిచ్చింది. జన్యు సమాచారం చూపి ఆరోగ్య బీమా నిరాకరించడానికీ, ఉద్యోగంలో వివక్ష చూపడానికీ ఆ చట్టం ఒప్పుకోదు. జీవిత బీమాకు అది వర్తించదన్నది గుర్తుంచుకోవాలి. అరుదైన జబ్బున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఆ జబ్బు రోగుల రిజిస్ట్రీలో పేరు చేర్పించాలి. ఆ వ్యాధి మీద ఎక్కడ ఏ అధ్యయనం జరుగుతోందో అమెరికా ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ జాబితాలో ఎవరైనా వెతుక్కోవచ్చు. చేరాలా వద్దా అన్నది లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయం. ఉగాదికీ, సంక్రాంతికీ వేదికలు కట్టే మన సంఘాలు ఏడాదికొకసారి జన్యు సలహాదారును పిలిచి, తెలుగులో ప్రశ్నలు అడిగే వీలు కల్పిస్తే ఎన్నో ఇళ్లకు మేలు. అన్నిటికన్నా ముందు, అలాంటి బిడ్డను కన్న తల్లిని వేలెత్తి చూపించే అలవాటు పోవాలి. ఆమె మాట్లాడే ధైర్యం చేయాలంటే వినేవాళ్లు నిందించకూడదు.

మందు కనిపెట్టే బాధ్యత శాస్త్రవేత్తలది, ధర తగ్గించే బాధ్యత కంపెనీలదీ ప్రభుత్వాలదీ. జబ్బు ఎక్కడెక్కడ ఉందో, ఎలా నడిచిందో చెప్పే బాధ్యత అది చూసిన ఇళ్లది. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నల క్షేమం కనుక్కున్నాక, చిన్నప్పుడే పోయిన మేనత్త బిడ్డ గురించీ, నడక రాని పెద్దనాన్న కొడుకు గురించీ నెమ్మదిగా అడగండి. వాళ్లు చెప్పింది తేదీలతో సహా రాసుకోండి. మీ డాక్టరుకు చూపించండి.